స్టార్డ్ ప్రశ్నా, అన్‌స్టార్డ్ ప్రశ్నా, ఆర్టీఐనా: ఏది మేలు?

పార్లమెంటు సమావేశాల తేదీలు ప్రకటించారో లేదో, నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. మా ఊరి రైల్వే వంతెన గురించో, ఆగిపోయిన స్కాలర్‌షిప్పుల గురించో ఎంపీ గారితో ప్రశ్న వేయించాలనుకుంటున్నాం, స్టార్డ్ (మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పేది) అడగమందామా, అన్‌స్టార్డ్ (రాతపూర్వక జవాబు మాత్రమే వచ్చేది) సరిపోతుందా, అసలు ఎంపీ దాకా ఎందుకు, మనమే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) పెట్టేస్తే అయిపోదా అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. నా మొగ్గు అన్‌స్టార్డ్ వైపే, అది దాచను. కానీ స్టార్డ్‌కి ఉన్న బలం చిన్నదేమీ కాదు, ముందు అదే చెబుతా.

స్టార్డ్ ప్రశ్న పడిందంటే శాఖలో కదలిక వేరుగా ఉంటుంది. జవాబు రాసి పంపితే పని అయిపోదు. మంత్రి లేచి నిలబడ్డాక సభ్యులు ఆ జవాబు మీద ఏ అనుబంధ ప్రశ్న వేస్తారో ముందే ఊహించి వాటన్నిటికీ నోట్ తయారు చేయాలి, పెద్ద అధికారులు గ్యాలరీలో సిద్ధంగా ఉండాలి. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైలు కూడా ఆ వారం బయటికొస్తుంది. 1957లో ఎల్‌ఐసీ సొమ్ముతో వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లు కొన్న వ్యవహారం సభలోకి మొదట ప్రశ్న రూపంలోనే వచ్చింది. ఎంపీ ఫిరోజ్ గాంధీ పట్టు వదల్లేదు, విచారణకు ఛాగ్లా కమిషన్ వేశారు, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. మంత్రిని నిలబెట్టి అడిగే అవకాశానికి సాటి ఇంకోటి లేదు.

చిక్కంతా ఆ అవకాశం మీదాకా రావడంలోనే ఉంది. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలే, రాజ్యసభలో 15. ఒక సభ్యుడికి లోక్‌సభ జాబితాలో రోజుకు ఒకటికి మించి పడదు, ఎవరిది ముందో బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, తేలుతుంది. జాబితాలో పడ్డాక కూడా ప్రశ్నోత్తరాలకు కేటాయించిన ఆ గంటలోపు మీ నంబరు రావాలి. 2019 నవంబరు 27న లోక్‌సభలో 20కి 20 ప్రశ్నలూ పూర్తయ్యాయి, 1972 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. దీన్నిబట్టే మామూలు రోజు ఎలా ఉంటుందో అర్థం చేసుకోవచ్చు. ఇక గొడవ జరిగి సభ మొదట్లోనే వాయిదా పడిందంటే మీ స్టార్డ్ ప్రశ్నకు కూడా జవాబు కాగితం మీదే వస్తుంది, అనుబంధ ప్రశ్నలుండవు.

అన్‌స్టార్డ్ అయితే లోక్‌సభలో రోజుకు 230, రాజ్యసభలో 160. నోరెత్తి అడిగేదేం లేదు, లిఖితపూర్వక సమాధానాన్ని సభ ముందు ఉంచుతారు, ఆ రోజే పార్లమెంటు వెబ్‌సైట్‌లోకీ వస్తుంది. టీవీలో కనిపించదు కాబట్టి చాలామందికి ఇది చిన్నచూపు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: ఏ శాఖ దగ్గర ఏ లెక్క ఉందో తెలుసుకుని, తప్పించుకోవడానికి వీల్లేకుండా అడగడం దేంట్లో కుదురుతుంది? ఆ పని అన్‌స్టార్డ్‌లో కుదిరినట్టు ఇంకెక్కడా కుదరదు.

2020 సెప్టెంబరు సమావేశాలు గుర్తు తెచ్చుకోండి. కొవిడ్ పేరు చెప్పి ప్రశ్నోత్తరాల సమయాన్నే రద్దు చేశారు, అన్‌స్టార్డ్ ప్రశ్నలు మాత్రం ఉంచారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు బయల్దేరిన వలస కూలీల్లో ఎంతమంది చనిపోయారని లోక్‌సభలో అడిగితే, అలాంటి లెక్కలు మా దగ్గర లేవని కార్మిక శాఖ రాసిచ్చింది. లెక్కలు లేవు కాబట్టి పరిహారం అన్న ప్రశ్నే తలెత్తదంది. కొద్ది రోజుల తేడాతో రాజ్యసభలో రైల్వే శాఖను శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో చనిపోయినవాళ్ల సంఖ్య అడిగారు. సెప్టెంబరు 9 నాటికి 97 మంది అని లిఖితపూర్వకంగా జవాబొచ్చింది. ప్రభుత్వం ఒకటే, సమావేశాలూ అవే. ఒక శాఖకు ‘దేశం మొత్తం మీద మా దగ్గర లెక్కలు లేవు’ అనే దారి దొరికింది, తన రైల్లో తన రికార్డులో నమోదైన మరణాల గురించి అడిగేసరికి రెండో శాఖకు ఆ దారి లేకపోయింది. నా దృష్టిలో ‘లెక్కలు లేవు’ అన్న మొదటి జవాబు కూడా వృథా కాలేదు. ప్రభుత్వమే రాసిచ్చిన ఆ మాట మర్నాడు దేశమంతా వార్తయింది.

అందుకే స్టార్డా అన్‌స్టార్డా అన్నదాని కంటే మాటలు పేర్చడం మీద ఎక్కువసేపు కూర్చోండి. ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు, అందులో వాదన, ఆరోపణ, వ్యంగ్యం ఉండకూడదు. మనవాళ్లు తెచ్చే డ్రాఫ్టుల్లో మొదటి ఉపప్రశ్న ‘ప్రభుత్వానికి ఈ విషయం తెలుసా’, తర్వాతిది ‘తెలిస్తే వివరాలేమిటి’, చివరిది ‘ఏం చర్యలు తీసుకున్నారు’ అని ఉంటుంది. దీనికి జవాబు ఎలా వస్తుందో చెబుతా. ‘ఎ నుంచి డి వరకు’ అని కలిపేసి, పథకం ఎప్పుడు మొదలైందో, దాని ఉద్దేశమేమిటో రెండు పేరాలు రాస్తారు. మీరడిగిన సి భాగం అందులో ఎక్కడా ఉండదు. ఇలాంటి జవాబు వస్తే వదిలేయకండి, ఆ ప్రశ్న నంబరు, తేదీ చూపించి, ఆ ఒక్క భాగాన్నే వచ్చే సమావేశాల్లో మళ్లీ అడిగించండి.

ఉదాహరణకు, పోలవరం ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే ఒక అంచనా తేదీ చెబుతారు, మళ్లీ ఏడాది ఇంకో తేదీ చెబుతారు. కేంద్రం భరించాల్సింది 2014 ఏప్రిల్ 1 నాటికి మిగిలిన సాగునీటి విభాగం ఖర్చు కాబట్టి, ఆ తేదీ తర్వాత ఏ ఏడాది ఎంత విడుదల చేశారు, రాష్ట్రం పెట్టిన బిల్లుల్లో ఎంత ఆపారు, ఎందుకు ఆపారు అని అడగండి. 2017-18 ధరల ప్రకారం 55,548.87 కోట్లు అనే అంచనాను సాంకేతిక సలహా కమిటీ ఒప్పుకుందనే సంగతి కూడా ఇలాంటి రాతపూర్వక జవాబుల్లోనే మళ్లీ మళ్లీ రికార్డుకెక్కింది. అంకె ఒకసారి సభ ముందుకొచ్చాక ఏ పార్టీ అధికారంలో ఉన్నా దాన్ని పట్టుకునే మాట్లాడాలి.

స్టార్డ్‌కే నోటీసు ఇద్దాం, బ్యాలెట్‌లో రాకపోతే ఎలాగూ అన్‌స్టార్డ్‌లోకి మారుతుంది కదా అంటారు కొందరు. మారే మాట నిజమే. కానీ స్టార్డ్ ప్రశ్న కొంచెం విశాలంగా రాస్తారు, అనుబంధ ప్రశ్నలకు చోటుండాలి కాబట్టి. అదే ప్రశ్న అన్‌స్టార్డ్‌లో పడితే ఆ విశాలత్వమే శాఖకు పారిపోయే దారవుతుంది. నోటీసు ఏ పద్ధతిలో ఇచ్చినా సరే, ప్రశ్న మాత్రం అన్‌స్టార్డ్‌కి రాసినట్టే బిగించి రాయండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటి ఉంది. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’, ‘పరిశీలనలో ఉంది’ అని జవాబు రాగానే మనవాళ్లు నీరుగారిపోతారు. కానీ అలాంటి మాటలు సభకు ఇచ్చిన హామీ కిందికి వస్తాయి. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచీ ఉంది, మామూలు గడువు మూడు నెలలు. గడువు పొడిగించమని అడుగుతూ ఏళ్లు లాగిన శాఖలూ ఉన్నాయి, నాకు ఒళ్లు మండేది అక్కడే. అయినా ఆ జాబితాలో పేరున్నన్నాళ్లూ శాఖ జవాబు చెప్పుకుంటూనే ఉండాలి. జవాబు మరీ అన్యాయంగా ఉంటే, అది అన్‌స్టార్డ్‌కి వచ్చిందైనా సరే, దాని మీద అరగంట చర్చ కోరే హక్కు సభ్యుడికి ఉంది.

ఇక ఆర్టీఐ. పది రూపాయలు, 30 రోజులు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఫైలు మీద ఏ అధికారి ఏం రాశాడో ఆ నోట్ షీట్ కాపీ తెప్పించుకోవాలంటే ఇదే దారి, పార్లమెంటు ప్రశ్నకు ఆ కాగితాలు రావు. కానీ ఆర్టీఐలో ఎందుకు అని అడగలేం. రికార్డులో ఉన్నది ఇస్తారు, కారణాలు వివరించాల్సిన బాధ్యత సమాచార అధికారికి లేదు. కాదంటే మొదటి అప్పీలు, తర్వాత కమిషన్, అక్కడ ఎదురుచూపులు. దీనికితోడు, పార్లమెంటుకు గానీ శాసనసభకు గానీ నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదని ఆర్టీఐ చట్టంలో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సెక్షన్ 8(1)(జె) కింద ఒక వాక్యం ఉండేది. 2023లో తెచ్చిన వ్యక్తిగత డేటా చట్టం దాన్ని తీసేసింది. పౌరుడికి తలుపు మూసుకుపోతున్న కొద్దీ ఎంపీ అడిగే ప్రశ్న విలువ పెరుగుతుంది. వీలుంటే ముందు ఆర్టీఐతో కాగితాలు తెప్పించుకుని, వాటి ఆధారంగా అన్‌స్టార్డ్ ప్రశ్న రాయడం అన్నిటికన్నా గట్టి పని.

జీరో అవర్ (ప్రశ్నోత్తరాల తర్వాత అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం), లోక్‌సభలో 377 నిబంధన కింద చేసే ప్రస్తావన: నియోజకవర్గంలో చెప్పుకోవడానికి పనికొస్తాయి, లెక్కలు రాబట్టడానికి కాదు. షార్ట్ నోటీస్ ప్రశ్నకు (తక్కువ గడువుతో అడిగే అత్యవసర ప్రశ్న) మంత్రి ఒప్పుకోవాలి, దాని మీద ఆశ పెట్టుకోకండి.

జిల్లా ఆస్పత్రిలో డాక్టర్లు, పోలీస్ స్టేషన్, పంచాయతీ రోడ్డు లాంటివి ఎంపీకి ఇవ్వకండి, రాష్ట్ర జాబితాలోని అంశం అన్న ఒక్క లైనుతో తిరిగొస్తుంది. వాటికి ఎమ్మెల్యేనో ఎమ్మెల్సీనో పట్టుకోవాలి. అదే ఆస్పత్రికి కేంద్ర పథకం కింద డబ్బు వస్తుంటే, ఆ డబ్బు ఎంతొచ్చింది, ఖర్చయినట్టు పత్రాలు అందాయా అని పార్లమెంటులో అడగొచ్చు.

ప్రశ్న వేయిస్తానని డబ్బడిగే వాళ్లెవరైనా కనిపిస్తే దూరంగా ఉండండి. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసినందుకు 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను సభల నుంచి బహిష్కరించారు. నేరుగా ఎంపీ ఆఫీసుకే వెళ్లి, ఒక పేజీలో ప్రశ్న, ఇంకో పేజీలో దానికి ఆధారం, పాత జవాబుల నంబర్లు పెట్టి ఇవ్వండి. మీ సొంత ఎంపీ ఆసక్తి చూపకపోతే రాజ్యసభ సభ్యుల్ని అడగండి, వాళ్లకు నియోజకవర్గం గీతలు లేవు. నోటీసుకు 15 పూర్తి రోజుల గడువు కావాలి, పైగా ఒక్కో శాఖకు వారంలో కేటాయించిన రోజు వేరు. కాబట్టి సమావేశాల తేదీలు వచ్చేదాకా ఆగకుండా డ్రాఫ్టు ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోండి.