అవతార్ ముందా, డ్రాగన్ ప్రిన్స్ ముందా?

విజయవాడ ఎండలకు మధ్యాహ్నం గడప దాటలేం. అందుకే ఈ సెలవుల్లో సత్యనారాయణపురంలోని మా ఇంట్లో మేనకోడలితో కలిసి ఈ రెండు యానిమేషన్ సిరీస్‌లూ చూశాను. నాకు నలభై దాటాయి, అయినా రెండూ మనసుకు పట్టాయి.

అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్ 2005 నుంచి 2008 దాకా వచ్చింది. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు. ఎక్కడ ఆగాలో తెలిసిన కథ. అందులో ఐరో అనే పెద్దాయన పగలంతా ఊళ్లోవాళ్లకు సాయం చేస్తాడు. సాయంత్రం గుట్ట మీద చెట్టు కింద, యుద్ధంలో పోయిన కొడుకు బొమ్మ పెట్టుకుని పాట పాడుతుంటే గొంతు పూడుకుపోతుంది. "మావయ్యా, తాత ఎందుకు ఏడుస్తున్నాడు?" అంది పాప. నాకు వెంటనే మాట రాలేదు.

అవతార్‌కు ప్రధాన రచయితగా పనిచేసిన ఆరన్ ఈహాజ్ డ్రాగన్ ప్రిన్స్ సృష్టికర్తల్లో ఒకరు. ఇది 2018లో మొదలై ఏడు సీజన్లు నడిచింది. మొదటి సీజన్‌లో బొమ్మల కదలిక ఆగి ఆగి సాగుతుంది, కళ్లకు ఇబ్బందే. తర్వాత బాగుపడింది. కానీ వినికిడి లేని సేనాని అమాయా, చనిపోయిన తోబుట్టువు విగ్రహం ముందు చేతులతో మాట్లాడుతుంటే కింద సబ్‌టైటిల్ కూడా వేయలేదు. ఆమె దుఃఖాన్ని ఆమెకే వదిలేసిన ఆ గౌరవం నాకెంతో నచ్చింది.

నా ఓటు అవతార్‌కే, ముందు అదే చూడండి. డ్రాగన్ ప్రిన్స్‌లో మంత్రం కోసం మూగజీవాల ప్రాణం తీసే సన్నివేశాలున్నాయి. చిన్నపిల్లలు చూస్తుంటే పక్కనే కూర్చోండి.