సూర్యలంకా, రుషికొండా?

గుంటూరులో ఉంటూ సముద్రం చూడాలనిపిస్తే ముందు గుర్తొచ్చేది సూర్యలంకే. పొద్దున్నే బాపట్లకు రైలెక్కితే చాలు, అక్కడి నుంచి తీరం సుమారు 9 కిలోమీటర్లు. చీకటి పడేసరికి ఇంట్లో ఉండవచ్చు. రుషికొండ అలా కాదు. విజయవాడ నుంచి విశాఖకు దాదాపు 350 కిలోమీటర్లు, ఆపైన భీమిలి దారిలో మరికొంత. ఒక రాత్రి బస తప్పదు, ఖర్చూ ఎక్కువే.

అయినా సర్ఫింగ్, అంటే పలక మీద నిలబడి అలలపై జారే ఆట, నేర్చుకోవాలనుకునేవారు రుషికొండకే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన తీరమది. విశాఖలో సర్ఫింగ్ నేర్పేవారు దొరుకుతారు. మొదటి పాఠం ఒడ్డునే మొదలవుతుంది: పలక మీద బోర్లా పడుకుని, అరచేతులతో నెట్టి, ఒక్క ఊపున లేచి నిలబడాలి. భుజాలు పట్టేసేదాకా అదే పని. ఆ తరువాతే చీలమండకు తాడు కట్టుకుని నీళ్లలోకి దిగడం. మొదటిసారి అల మనల్ని ఎత్తుకుని ఒడ్డుకు తెచ్చినప్పుడు కలిగే ఆనందం కోసం ఆ ప్రయాణమంతా చేయవచ్చు.

అమ్మానాన్నలు, చిన్నపిల్లలు వెంట ఉంటే మాత్రం నేను సూర్యలంకే ఎంచుకుంటాను. విశాలమైన ఇసుక, పిల్లలు పరుగెత్తడానికి కావలసినంత చోటు. వెనక్కి మళ్లే అల పాదాల కింది ఇసుకను లాక్కుపోతుంటే మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని నవ్వుతుంది. ఆదివారాలు జనం ఎక్కువ, శనివారం నయం. మోకాలి లోతు దాటి వెళ్లకండి, అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే రెండు చోట్లకూ ప్రయాణం మానుకోండి.