కూరగాయల ట్రేలతో మూడు ఇళ్లు మారాం: ఏడేళ్ల వాడకం తర్వాత

మార్కెట్‌కి టమాటాలు వచ్చే ప్లాస్టిక్ ట్రేలు అందరూ చూసే ఉంటారు. పక్కలంతా చిల్లులు, రెండు వైపులా చేతులు పెట్టి పట్టుకునే సందులు, పాతిక కిలోల దాకా సరుకు పట్టే లోతు. ఇల్లు మారడానికి 2018 నుంచి మేం అవే వాడుతున్నాం. తార్నాక నుంచి కూకట్‌పల్లి, అక్కడి నుంచి నిజాంపేట, 2025 మే నెలలో నిజాంపేట నుంచి బోడుప్పల్. మూడుసార్లూ అవే ట్రేలు. అద్దె ఇళ్లలో ఉండే కుటుంబానికి అట్టపెట్టెల కన్నా ఇవి ఎన్నో రెట్లు మేలని నా నమ్మకం. లోపాలు లేవని కాదు, వాటి సంగతీ చెప్తాను.

అసలు అట్టపెట్టెలంటే విరక్తి పుట్టింది 2016లో. రామంతపూర్ నుంచి తార్నాకకు మారుతున్నాం. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ప్యాకింగ్ వాళ్లు తెచ్చిన పెట్టె అడుగు మెట్ల మీదే ఊడిపోయింది. అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ అందులోనే ఉంది. నూనె మూడు మెట్లు కిందికి పాకింది. ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు. మెట్ల మీద కూర్చుని పెంకులు ఏరారు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది.

రెండేళ్ల తర్వాత మళ్లీ ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు మావారు బోయిన్‌పల్లి మార్కెట్ దగ్గర పాత ట్రేలు 24 తెచ్చారు. ఒక్కోటి రూ.110 చొప్పున మొత్తం రూ.2,640 అయింది. పాతవి కొంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ట్రేని బోర్లించి అంచు కింద మడతల్లో చూడాలి. మాకు వచ్చిన వాటిలో నాలుగింటికి అక్కడ బొద్దింక గుడ్లు అంటుకుని ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో గీకి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టాకే ఇంట్లోకి రానిచ్చాను. కుళ్లిన టమాటా వాసన పోవడానికి ఇంకో వారం పట్టింది.

వీటి అసలు గుణం సర్దేటప్పుడు తెలుస్తుంది. అట్టపెట్టెకి ఒకసారి టేపు వేశామంటే లోపల ఏముందో మర్చిపోవాల్సిందే. ట్రే అయితే మూడు వారాల ముందు నుంచే నింపుకోవచ్చు. మధ్యలో గరిటె కావాలంటే చెయ్యి పెట్టి తీసుకోవచ్చు. ఏం ఉందో చిల్లుల్లోంచి కనిపిస్తూనే ఉంటుంది. చీటీలు అంటించడానికి లేదు కాబట్టి గట్టి అట్టముక్కకు పురికొస కట్టి చిల్లులోంచి వేలాడదీస్తాం. ముక్క మీద నంబరు మాత్రమే. వివరమంతా అత్తయ్య దగ్గరుండే నోటుబుక్కులో. 7 అంటే పోపుల డబ్బా, అట్ల పెనం, చపాతీ పీట. 12 అంటే పెద్దాడి పుస్తకాలు. బోడుప్పల్‌లో సామాను దింపుతుంటే ఆవిడ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, "ఏడు వంటింట్లోకి, పన్నెండు పిల్లల గదిలోకి" అని చెప్తూ పోయారు. మేం వెతుక్కోవాల్సింది ఏమీ లేకపోయింది.

గాజు ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, మధ్యలో టవళ్లు పెట్టి నిలువుగా నిలబెట్టాలి. ఇన్నేళ్లలో ఒక్క ప్లేటు కూడా పగల్లేదు. జాడీలకు మూతి మీద బట్ట వేసి వాసెన కట్టి, ట్రే మధ్యలో పెట్టి, చుట్టూ పాత చీరలు కుక్కుతాం. జాడీ అంచు దాటి పైకి వస్తుంది కాబట్టి దాని మీద ఇంకో ట్రే పెట్టకూడదు. పుస్తకాలు మాత్రం సగానికే నింపండి. నిండా నింపిన పుస్తకాల ట్రేని ఒక్క మనిషి ఎత్తితే నడుం పట్టేస్తుంది. బట్టలకు ట్రేలు దండగ, పాత దుప్పట్లలో మూటలు కట్టుకుంటే చాలు.

సామాను మోసేవాళ్లకూ ఇవే నచ్చాయి. కూకట్‌పల్లిలో డీసీఎం వ్యానులోకి ఎక్కిస్తూ ఒకతను, "అక్కా, గివైతే మంచిగున్నయ్, పైకెళ్లి పట్టుకుంటే సాలు, కింద చెయ్యి పెట్టే పనే లేదు" అన్నాడు. ఒకదాని మీద ఒకటి అంచుల్లో కూర్చుంటాయి కాబట్టి బండిలో కదలవు. నాలుగైదు పేర్చి లిఫ్టులోకి తోసేయొచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో సామాను దించడానికి లిఫ్టు రెండు గంటలే ఇచ్చారు. ట్రేలు కాబట్టే ఆ టైములో పని అయింది.

వాన వస్తే మాత్రం ఇవి పనికిరావు. 2021లో లాక్‌డౌన్ ఎత్తేశాక, ఆషాఢం వచ్చేలోపు మారిపోవాలని జులై మొదటి వారంలో నిజాంపేట బయల్దేరాం. దారిలో వాన. టార్పాలిన్ ఒక పక్క లేచిపోయి చిల్లుల్లోంచి నీళ్లు కొట్టాయి. గిన్నెలకు ఏం కాలేదు. చిన్నదాని డ్రాయింగ్ పుస్తకాలు మాత్రం ముద్దయిపోయాయి. అది ఏడుస్తుంటే ఒక్కో పేజీ విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాం, సగం పేజీలు అయినా దక్కలేదు. అప్పటి నుంచి కాగితం ఉన్న ప్రతి ట్రేలో ముందు మందపాటి పాలిథీన్ కవర్ పరిచి, నింపాక మూతి ముడేస్తున్నాం.

ఇంకో ఇబ్బంది, ఖాళీ ట్రేలు ఒకదానిలో ఒకటి దూరవు. 24 ట్రేలు ఎంత పేర్చినా బాల్కనీలో సగం ఆక్రమిస్తాయి. చోటు లేక నిజాంపేటలో మేడ మీద పెట్టాం. అది పెద్ద తప్పు. రెండు వేసవులకే ఎండకు పెళుసుబారి, మొన్న ఎత్తబోతే ఏడింటి అంచులు చేతిలోకి ఊడొచ్చాయి. నీడన పెట్టినవి మాత్రం కొన్ననాటి లాగే ఉన్నాయి.

చివరి నంబరు ట్రే గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తికాదు. అది అందరికన్నా చివర బండెక్కి, అందరికన్నా ముందు దిగుతుంది. అందులో దేవుడి పటం, పసుపు, ఉప్పు, బియ్యం, పాలు పొంగించే ఇత్తడి గిన్నె, అగ్గిపెట్టె ఉంటాయి. వాటి పక్కనే ఏసీ రిమోట్, మంచాల నట్లు వేసిన డబ్బా, గ్యాస్ పుస్తకం, పాత ఇంటి చివరి కరెంటు బిల్లు. వాషింగ్ మెషిన్ ముందు డోరుదైతే, కొన్నప్పుడు డ్రమ్ముకు బిగించి వచ్చిన బోల్టులు కూడా ఇందులోనే ఉండాలి. బండెక్కించే ముందు అవి మళ్లీ బిగించకపోతే కుదుపులకు డ్రమ్ము దెబ్బతింటుంది. కూకట్‌పల్లి వెళ్లినప్పుడు ఆ బోల్టులు ఎక్కడున్నాయో తెలియక రాత్రి పదకొండింటి దాకా వెతికాం. ఇప్పుడు ఇల్లు మారినా మారకపోయినా ఆ పొట్లం ఆ ట్రేలోనే ఉంటుంది.

మూడు నాలుగేళ్లకోసారి ఇల్లు మారేవాళ్లు, ఖాళీ ట్రేలకు నీడ పట్టున కాస్త చోటున్నవాళ్లు తప్పకుండా కొనుక్కోండి. సొంతింట్లోకి వెళ్తూ ఇదే ఆఖరుసారి అనుకునేవాళ్లు ఎవరినైనా అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది. మా దగ్గర 17 మిగిలాయి. ఈసారి ఆ ఏడింటి బదులు సగం ఎత్తువి తీసుకుంటాం, పుస్తకాలకు అవే సరైనవి.