జూలో పని: యానిమల్ కీపరా, డాక్టరా?

జూలో పని చేయాలనుందని పదో తరగతి పిల్లలు అడిగితే, ముందు ఈ రెండు దారులూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

చదువు: డాక్టరుకు ఇంటర్ బైపీసీ, మంచి ర్యాంకు, ఆపైన ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ). కీపరుకు అంత చదువు అక్కర్లేదు. పాత కీపరు వెనకాల తిరిగి నేర్చుకోవాల్సిందే.

పని: డాక్టరు అవసరం పడినప్పుడు చూస్తారు, కీపరు రోజూ చూస్తాడు. పొద్దున్నే పులిని లోపలి గదిలోకి మళ్లించి, గడియ మరోసారి లాగి చూసుకుని, అప్పుడే ఆవరణలో అడుగుపెడతాడు. నిన్నటి మాంసం ఎంత మిగిలింది, పెంట పల్చగా ఉందా, నడకలో కుంటు ఉందా... ముందు కంటపడేది అతనికే. వైద్యం మొదలయ్యేది ఆ కబురుతోనే. నా దృష్టిలో జూకి ఆయువుపట్టు ఈ పనే.

ప్రమాదం: ఇద్దరికీ ఉంది. కీపరుకు రోజూ.

జీతం: డాక్టరుదే పైచేయి. కీపరు ఉద్యోగాలు చాలాచోట్ల ఔట్‌సోర్సింగే, ఇది దాచకూడదు.

ఇప్పుడే తేల్చుకోవాలంటే ఈ సెలవుల్లో వారం రోజులు అమ్మమ్మ వాళ్ల గేదెల కొట్టం ఊడ్చి చూడండి. హైదరాబాద్ నెహ్రూ జూకో, విశాఖ జూకో వెళ్తే (సోమవారం సెలవు) ఒకే జంతువు దగ్గర గంటసేపు నిలబడి, అదేం చేసిందో రాసుకోండి.

బయాలజీ ఇష్టమై, ఇంట్లో అన్నేళ్లు చదివించగలిగితే డాక్టరు దారి. కొట్టంలో వారం గడిచినా విసుగు రాకపోతే, తక్కువ జీతంతో సర్దుకోగలిగితే కీపరు దారి.