పదివేలకి కొత్త ఫోనా, పాత ఖరీదైన ఫోనా? గోదావరి డెల్టాలో ఏది మేలు

రొయ్యల పట్టుబడి డబ్బులు చేతికొచ్చినా, పిల్లలు ఇంటర్‌లో చేరినా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇదే. "చేతిలో 10,000 ఉన్నాయండి. ఆ డబ్బుకి కొత్త చిన్న ఫోను వస్తుంది. ఒకప్పుడు 40,000 పలికిన పాత ఫోనూ అదే డబ్బుకి ఇస్తామంటున్నారు. ఏది తీసుకోమంటారు?" భీమవరంలోనైనా అమలాపురంలోనైనా సెల్ షాపు అద్దాల బల్లలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. చేత్తో పట్టుకుని చూస్తే పాతదే బాగుంటుంది. బరువుగా, నునుపుగా, బొమ్మ నిగనిగలాడుతూ.

హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మనిషికైతే ఆ పాతదే తీసుకోమంటాను. చెరువుగట్టు మీద, కొబ్బరితోటలో, రేవులో, వరిచేలో ఫోను జేబులో వేసుకుని తిరిగేవాళ్లకి మాత్రం కొత్త చిన్న ఫోనే చెబుతాను. ప్రాసెసర్, కెమెరా లెక్కల్లో పాతది గెలుస్తుంది, కాదనను. కానీ మన దగ్గర ఫోన్లు ఎక్కువగా పోయేది తడికీ ఉప్పుకీ.

ముందు పాతదాని గొప్ప చెప్పుకోవాలి. దాని అమోలెడ్ తెర మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కనిపిస్తుంది. పదివేల ఫోనులో ఉండేది 720 పిక్సెళ్ల ఎల్‌సీడీ తెర. బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచినా గట్టు మీద నిలబడి చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిందే. కెమెరా సంగతీ అంతే. కొత్త ఫోను వెనక 50 మెగాపిక్సెల్ అని రాసి ఉంటుంది గానీ, నాలుగేసి పిక్సెళ్లని ఒకటిగా కలిపి అది తీసేది పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటోనే. పక్కన కనిపించే రెండో కన్ను చాలా వాటిలో లెక్కకే. పాత ఫోనుకి చేతి వణుకుని సర్దుకునే ఏర్పాటు ఉంటుంది, చీకట్లోనూ బొమ్మ నిలుస్తుంది. స్టోరేజీ వేగం కూడా పాతదానిదే ఎక్కువ.

ఇక తడి సంగతికొద్దాం.

మన ఊళ్లలో ఫోను నీళ్లలో పడిపోవడం ఒక్కటే ప్రమాదం అనుకుంటారు. అంతకన్నా ఎక్కువ ఫోన్లని పాడుచేసేది చార్జింగ్ పోర్టులో చేరే చెమ్మ. టైప్-సీ పోర్టులో 24 పిన్నులుంటాయి, జుట్టు మందాన ఒకదాని పక్కన ఒకటి. వాటిలో 4 పిన్నులు కరెంటు తెచ్చేవి. రొయ్యల చెరువులో దించిన చెక్ ట్రే పైకి తీసి, మేత ఎంత మిగిలిందో చూసి, అదే తడి చేత్తో ఫోను జేబులో పెట్టుకుంటాం. ఇంటికొచ్చి చార్జింగ్ పెడతాం. పోర్టులో ఒక్క చుక్క ఉప్పునీరు ఉన్నా కరెంటు పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య ఆ నీటిలోంచే కరెంటు పారుతుంది. పిన్ను మీది పూత కరిగిపోతుంది, కింది రాగి ఆకుపచ్చగా చిలుమెక్కుతుంది. మామూలు 10 వాట్ల చార్జరు పంపేది 5 వోల్టులు. ఫాస్ట్ చార్జర్లు చాలావరకు 9 వోల్టులకి పోతాయి, అప్పుడు ఈ తినేయడం ఇంకా త్వరగా జరుగుతుంది. "కేబుల్ ఒక పక్కకి వంచి పెడితేనే చార్జి ఎక్కుతోంది" అనే ఫిర్యాదుకి మూలం చాలాసార్లు ఇదే. మంచినీళ్లయితే ఆరిపోతాయి. ఉప్పునీళ్లు ఆరినా ఉప్పు మిగులుతుంది, గాలిలో చెమ్మని అదే మళ్లీ లాక్కుంటుంది. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ బాధ ఏడాది పొడుగునా ఉంటుంది.

"మరి పాత ఖరీదైన ఫోను ఐపీ68 కదా, నీళ్లకి తట్టుకుంటుంది కదా?" అని వెంటనే అడుగుతారు. ఐపీ అనేది ఫోను దుమ్మునీ నీళ్లనీ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అది ఫోను కొత్తగా ఉన్నప్పుడు, మంచినీళ్లలో చేసిన పరీక్షకి ఇచ్చింది. ఉప్పునీటికి కాదు. పైగా ఆ రక్షణంతా వెనక గాజుపలకని అతికించిన జిగురులోనూ, చిన్న చిన్న రబ్బరు వాషర్లలోనూ ఉంటుంది. మూడు నాలుగేళ్ల ఎండకీ వేడికీ జిగురు పట్టు సడలుతుంది. ఎవరో ఒకసారి బ్యాటరీ మార్పించి ఉంటారు, లేదా తెర వేయించి ఉంటారు. వేడిగాలి కొట్టి గాజు ఊడదీసి, మళ్లీ మామూలు జిగురుతో అతికించిన ఫోనుకి ఐపీ68 అనేది డబ్బా మీద మిగిలిన మాట మాత్రమే. అమ్మేవాడికి కూడా అది తెలియకపోవచ్చు.

పదివేల ఫోనుకి సాధారణంగా ఐపీ52, లేదంటే ఐపీ54 ఉంటుంది. రెండో అంకె నీటిది. 2 అంటే పైనుంచి కారే చుక్కలకి, 4 అంటే ఏ పక్కనుంచి చిందినా తట్టుకోవాలని. ముంచితే పోతుంది. అంటే నీళ్లలో పడితే రెండూ ఒకటే, రెండూ నమ్మకం లేనివే. తేడా వచ్చేది పాడయ్యాక.

చిన్న ఫోను వెనక మూత ప్లాస్టిక్. గోటి లాంటి ప్లాస్టిక్ ముక్కతో చుట్టూ లాగితే క్లిప్పులు ఊడి వస్తుంది. చాలా మోడళ్లలో చార్జింగ్ పోర్టు, మైకు కలిపి అడుగున విడిగా ఒక చిన్న బోర్డు ఉంటుంది, దాన్ని చార్జింగ్ బోర్డు అంటారు. నాలుగు స్క్రూలు తీసి, పట్టీ వైరు విప్పి, కొత్త బోర్డు పెడితే పని అయిపోయింది. ఖర్చు కొన్ని వందల్లో తేలుతుంది. పాలకొల్లు, తణుకు, మండపేట లాంటి ఊళ్లలో ఎక్కువ అమ్ముడుపోయే మోడళ్ల బోర్డులు షాపులోనే దొరుకుతాయి, సాయంత్రానికి ఫోను చేతికొస్తుంది. ఎల్‌సీడీ పగిలినా ఫోల్డరు, అంటే తెరా టచ్చూ కలిసిన భాగం, ఒకటి రెండు వేలల్లో వస్తుంది. పాత ఖరీదైన ఫోనుకి గాజు వీపు వేడి చేసి ఊడదీయాలి, ఊడదీసేటప్పుడే పగలొచ్చు. వంపు తిరిగిన అమోలెడ్ ఫోల్డరు ఒరిజినల్‌ది వేయాలంటే మీరు ఫోను కొన్న ధర దగ్గరికి వస్తుంది. కాపీ ఫోల్డరు వేస్తే రంగులూ టచ్చూ రెండూ తేడా చేస్తాయి. సరుకు విజయవాడ నుంచి రావాలి, అప్పటిదాకా చేతిలో ఫోనుండదు.

చెరువులున్న వాళ్లకి అది చిన్న మాట కాదు. కరెంటు పోతే యజమానికి ఫోన్ చేసే మోటారు స్టార్టర్లు ఇప్పుడు చాలా చెరువుల దగ్గర ఉన్నాయి. నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకి పడేది తెల్లవారుజామున. ఆ వేళకి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే జనరేటర్ వేయమని చెప్పాల్సిన ఫోను మూగబోయి ఉండకూడదు. అందుకే బ్యాటరీ కూడా కొత్త ఫోను వైపే తూగుతుంది. చిన్న ఫోన్లలో ఇప్పుడు 5,000 ఎంఏహెచ్ మామూలు, తెర పిక్సెళ్లు తక్కువ కాబట్టి వాడకమూ తక్కువ. పాత ఫోను పుట్టినప్పుడే 4,000 ఉంటే, రెండు మూడేళ్లు రోజూ చార్జి పెట్టాక అందులో 80 శాతం మిగిలితే గొప్ప.

ఇంత చెప్పాక కొత్త ఫోనులోని అసలు లోపం దాచకూడదు. అది వేగం, చోటు. డబ్బా మీద "8జీబీ ర్యామ్" అని పెద్దగా రాసి, కింద చీమంత అక్షరాల్లో 4+4 అని ఉంటుంది. నిజమైన ర్యామ్ 4జీబీయే. మిగతా నాలుగూ స్టోరేజీలోంచి అప్పు తెచ్చినది. ఆ స్టోరేజీ ఈఎమ్ఎమ్‌సీ రకమైతే సెకనుకి 250 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, యూఎఫ్ఎస్ 2.2 రకం దానికి మూడు నాలుగు రెట్లు చదువుతుంది. నెమ్మది స్టోరేజీ మీద అప్పు ర్యామ్ పెడితే ఫోను ఇంకా మొరాయిస్తుంది, సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయడమే మంచిది. చేపల సంతలో స్కాన్ చేసి డబ్బులు పంపుతుండగా ఒక ఫోన్ వచ్చి, మాట్లాడి తిరిగొచ్చేసరికి పేమెంట్ యాప్ మొదటి నుంచి తెరుచుకుంటోందంటే ర్యామ్ చాలడం లేదని అర్థం.

చోటు సంగతి కోనసీమ ఇళ్లకి మరీ ముఖ్యం. 64జీబీ ఫోనులో సిస్టమ్, మొదటి నుంచీ ఉన్న యాప్‌లు కలిసి 15 నుంచి 20 జీబీ తినేస్తాయి. కువైట్, దుబాయ్‌ల నుంచి రోజూ వచ్చే వీడియోలు, పెళ్లి గ్రూపులు, గుడి గ్రూపులు అన్నీ వాట్సాప్‌లో తమంతట తామే దిగిపోతాయి. చోటు దాదాపు నిండిపోయిన ఫోను కొత్తదైనా నత్తలా నడుస్తుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోలు తీసేయండి. మేనేజ్ స్టోరేజ్‌లో 5ఎంబీ దాటినవి నెలకోసారి తుడవండి. అంతకన్నా ముందు, కొనేటప్పుడే ఇంకొంచెం డబ్బు కలిపి 6జీబీ ర్యామ్, 128జీబీ స్టోరేజీ రకం తీసుకోండి. కెమెరా మీద, తెర మీద ఎక్కువ పెట్టకపోయినా పరవాలేదు, ఈ ఒక్కదాని మీద పెట్టిన డబ్బు మాత్రం వృథా పోదు.

5జీ విషయంలో ఒక మెలిక. జియో 5జీని ఎస్ఏ పద్ధతిలో, అంటే 4జీ ఆసరా లేకుండా, ఎయిర్‌టెల్ ప్రధానంగా ఎన్ఎస్ఏ పద్ధతిలో, అంటే 4జీ ఆసరాతో, మొదలుపెట్టాయి. 2024 నవంబరులో 8,499 రూపాయలకి వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ ఎస్ఏ ఒక్కటే పట్టేలా వచ్చింది, కాబట్టి అప్పటికి ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే 4జీయే. మీ సిమ్ ఏదో చెప్పి, రెండూ పడుతుందా అని అడిగి కొనండి. తోటల మధ్య ఇళ్లకి దూరం వెళ్లే 700 మెగాహెర్ట్జ్ బ్యాండు, అంటే ఎన్28, ఉంటే జియో వాళ్లకి మేలు. పాత ఫోను 2019 నాటిదైతే 5జీ ఉండకపోవచ్చు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి. బ్యాంకు యాప్‌లు వాడే ఫోనుకి అది మంచిది కాదు.

ఇన్ని చెప్పినా పాతదే కావాలనుకుంటే డబ్బులిచ్చే ముందు ఇవి చూడండి. సిమ్ ట్రే బయటికి లాగి ఆ సందులోకి టార్చి కొట్టండి. చాలా ఫోన్లలో అక్కడ తెల్లటి చిన్న స్టిక్కరు ఉంటుంది, అది ఎర్రబడితే లోపలికి నీళ్లు వెళ్లాయన్నమాట. చార్జింగ్ పోర్టులో ఆకుపచ్చ మరక ఉంటే అక్కడే వదిలేయండి. *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోనుకి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు, తీసుకుని, కేవైఎం అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పంపితే దొంగిలించిందని బ్లాక్ చేసిన ఫోనో కాదో తెలుస్తుంది. ఆ నంబరు వేసిన బిల్లు అడగండి. మీ ముందే రీసెట్ చేయించి, పాతవాళ్ల గూగుల్ ఖాతా అడగకుండా తెరుచుకుంటేనే తీసుకోండి. తెర తెల్లగా పెట్టి చూస్తే ఆకుపచ్చ గీత కనపడకూడదు.

ఆన్‌లైన్‌లో వారంటీ ఇచ్చి అమ్మే రీఫర్బిష్డ్ ఫోన్లు, అంటే బాగుచేసి మళ్లీ అమ్మేవి, బజారు పాతవాటికన్నా నయం, తడి విషయంలో మాత్రం అదే కథ. కీప్యాడ్ 4జీ ఫోను చెరువు కాపలాదారు చేతికి బాగా పనికొస్తుంది, అంతవరకే.

కొత్త ఫోను షాపులో పట్టుకున్నప్పుడు పది రూపాయల నోటు బల్ల మీద పరిచి, అందులోని సన్న అక్షరాలని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. చదవగలిగితే చెక్ ట్రేలో రొయ్య పేగు రంగు కూడా ఆ కెమెరా రొయ్యల కన్సల్టెంటుకి చూపించగలదు. మరీ దగ్గరికి వెళ్తే ఫోకస్ దొరకదు, జానెడు దూరంలో ఉండి రెండింతలు జూమ్ చేయాలి. వేలిముద్ర ఒకే బొటనవేలిది రెండుసార్లు నమోదు చేసుకోండి, నీళ్లలో నానిన వేలిని ఆ చిన్న సెన్సర్ సులభంగా గుర్తుపట్టదు.

ఇక తడిసిన ఫోనుని బియ్యం డబ్బాలో పెట్టడం మానేయండి. బియ్యం లోపలి నీటిని లాగలేదు, తవుడూ నూకా పోర్టులోకి చేరతాయి. పోర్టు ఒక్కటే తడిస్తే కిందికి వంచి తట్టి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టకండి. ఫోనే ఉప్పునీటిలో పడితే వెంటనే ఆపేసి, సిమ్ ట్రే తీసి, ఆ రోజే షాపుకి తీసుకెళ్లి బ్యాటరీ విప్పించి ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, బోర్డు కడిగించండి. మర్నాటికి వాయిదా వేస్తే చిలుము బోర్డు దాకా పోతుంది.