రెండో రీలు దొరికాక: ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’ బ్లూరేతో కొన్నేళ్లు

‘లారెల్ అండ్ హార్డీ: ది డెఫినిటివ్ రిస్టోరేషన్స్’ అనే బ్లూరే సెట్టు 2020లో అమెరికాలో విడుదలైంది. మా బావగారు అక్కడి నుంచి వస్తూ తెచ్చిపెట్టారు. అందులో మాటల చిత్రాలదే పెద్ద వాటా. ‘ది మ్యూజిక్ బాక్స్’, ‘హెల్ప్‌మేట్స్’, ‘సన్స్ ఆఫ్ ది డెజర్ట్’, ‘వే అవుట్ వెస్ట్’ అన్నీ ఉన్నాయి. వాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. నేను రాస్తున్నది అదే సెట్టులో ఉన్న ఒక మూకీ కోసం. 1927 నాటి రెండు రీళ్ల (ఒక్కో రీలు సుమారు పది నిమిషాలు) ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’. అందులోనూ రెండో రీలు కోసం. ఆ ఒక్క రీలు కోసమే ఈ సెట్టు మీద నాకింత అభిమానం.

క్రీమ్ పైలు (క్రీమ్ నింపిన గుండ్రటి తీపి వంటకాలు) విసురుకునే గొడవ ఈ సినిమాలోదని చాలామందికి తెలుసు. కానీ దశాబ్దాల పాటు లోకం చూసింది ఆ గొడవలో ఒక ముక్కను మాత్రమే. రాబర్ట్ యంగ్సన్ అనే ఆయన పాత మూకీ హాస్యాలను ఏరి కూర్చి 1957లో ‘ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ కామెడీ’ తీశారు. ఈ సినిమా రెండో రీలును కుదించి, పైన వ్యాఖ్యానం, చప్పుళ్లు జోడించి అందులో వాడుకున్నారు. ఆ తర్వాత అసలు నెగటివ్ పాడైపోయింది. ఆయన వాడుకోకపోయి ఉంటే ఆ ముక్క కూడా మిగిలేది కాదు, ఆ కృతజ్ఞత నాకు ఎప్పుడూ ఉంటుంది. అయితే ఆ ముక్కలో ఉన్నది హడావుడి. పై వెనుక పై, ముఖం వెనుక ముఖం. నేనూ చాలాకాలం ఆ ముక్కనే సినిమా అనుకుని చూశాను, ఇష్టపడ్డాను.

డిస్కులో మొత్తం రీలు చూసినప్పుడు నన్ను కట్టిపడేసింది పైల సంఖ్య కాదు. మధ్యమధ్య వాళ్లు ఆగిపోవడాలు.

ఒక పై గురి తప్పి దారిన పోయేవాళ్లకు తగులుతుంది. తగిలినవాళ్లు కేకలు పెట్టరు. ముందు అలా నిలబడిపోతారు. కళ్ల మీద క్రీము తుడుచుకుంటారు. ఎవరు విసిరారో చూస్తారు. ఆ తర్వాత నింపాదిగా పైల బండి దగ్గరికి నడిచి వచ్చి, ఒకటి చేతిలోకి తీసుకుని, తమ లెక్క తేల్చుకుంటారు. అంతసేపూ ఎదుటివాడు పారిపోడు, చెయ్యి అడ్డం పెట్టుకోడు. పెళ్లి బంతిలో విస్తరి ముందు కూర్చున్నవాళ్లు వడ్డన తమ దాకా వచ్చేవరకు ఓపిగ్గా ఉన్నట్టు, ఈ వీధిలో ప్రతి మనిషీ తన వంతు కోసం నిలబడి ఉంటాడు. నవ్వంతా అక్కడే పుడుతుంది. పై పడ్డప్పుడు కంటే పడబోయే ముందు మా ఇంట్లో ఎక్కువ నవ్వులు వినిపిస్తాయి.

కుదించిన ముక్కలో పోయింది సరిగ్గా ఇదే. విసరడాలను ఉంచి, చూడడాలను తీసేస్తే మిగిలేది అల్లరి. చూడడాలు తిరిగి వచ్చాక అదే గొడవకు ఒక నడక, ఒక పెరుగుదల కనిపిస్తాయి. ముందు ఇద్దరు, ఆ తర్వాత ముగ్గురు, ఆపైన పక్క దుకాణం వాళ్లు, దంత వైద్యుడి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న రోగి, కారులోని సంపన్నురాలు, చివరికి వీధి వీధంతా. ఒక్కొక్కరూ ఎందుకు దిగారో మనకు తెలుస్తూనే ఉంటుంది.

అనితా గార్విన్ కనిపించే భాగం సంగతి వేరుగా చెప్పాలి. చక్కగా ముస్తాబైన యువతి మలుపు తిరిగి వస్తూ, కింద పడి ఉన్న పై మీద జారి కూర్చుండిపోతుంది. ఏం జరిగిందో ఆమెకు అర్థమవుతుంది, దాన్ని మాత్రం ముఖంలో కనపడనివ్వదు. లేచి, మర్యాదకు లోటు రాకుండా ఒక కాలు విదిలించి, ఏమీ జరగనట్టు వెళ్లిపోతుంది. తెర మీద ఉండేది కొద్ది క్షణాలు. ఆమెను ఎవరూ కొట్టలేదు, ఆమె ఎవరినీ కొట్టలేదు. అంత గొడవలో మధ్యన ఇలాంటి నిశ్శబ్దమైన చమత్కారం పెట్టాలని ఆలోచించినవాళ్లకు నా నమస్కారం.

ఆ ఆలోచించినవాళ్లు ఎవరన్నది కూడా తెలుసుకోదగ్గదే. హాల్ రోచ్ స్టూడియోలో తీసిన సినిమా ఇది. దర్శకుడు క్లైడ్ బ్రక్‌మన్, అంతకు ముందే బస్టర్ కీటన్‌తో కలిసి ‘ది జనరల్’కు దర్శకత్వం వహించినవాడు. పర్యవేక్షణ లియో మెకారీ, కెమెరా జార్జ్ స్టీవెన్స్. ఈ చివరి ఇద్దరూ తర్వాతి కాలంలో ఉత్తమ దర్శకులుగా రెండేసి ఆస్కార్‌లు అందుకున్నారు. పై ముఖాన కొట్టడం అప్పటికే అరిగిపోయిన హాస్యం. దాన్ని మళ్లీ చేస్తే ఇక ఎవరూ చేయలేనంతగా చేయాలన్నది స్టాన్ లారెల్ పట్టుదల. లాస్ ఏంజెలెస్ పై కంపెనీ ఒక రోజు తయారుచేసిన సరుకంతా కొన్నామని, 3,000 దాకా పైలు వాడామని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఎన్ని వాడినా, ఒకరి తర్వాత ఒకరు పద్ధతిగా పగ తీర్చుకునే ఆ తీరే ముఖ్యం. ‘టూ టార్స్’ (1928), ‘బిగ్ బిజినెస్’ (1929) చూసినవాళ్లకు అది ఎంత దూరం వెళ్లిందో తెలుసు.

మొదటి రీలు కథ ఇంకో రకం. 1927 సెప్టెంబరు 22న షికాగోలో జీన్ టన్నీ, జాక్ డెంప్సీల మధ్య బాక్సింగ్ పోటీ జరిగింది. టన్నీని పడగొట్టిన డెంప్సీ వెంటనే దూరంగా ఉన్న మూలకు వెళ్లకపోవడంతో రిఫరీ పది దాకా పెట్టే లెక్క ఆలస్యంగా మొదలుపెట్టాడు, ఆ సందులో టన్నీ తేరుకుని పోటీ గెలిచాడు. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంటుండగా, వారాలు తిరక్కముందే రోచ్ బృందం ఈ సినిమా మొదలుపెట్టింది. ఇందులో బక్కపలచని బాక్సరు స్టాన్ ఎలాగో ప్రత్యర్థిగా వేసిన నోవా యంగ్‌ను పడగొడతాడు. మూలకు వెళ్లమంటే వెళ్లడు. అంతలో పడ్డవాడు లేస్తాడు. ఈ వెనుక కథ తెలియకపోయినా నవ్వు వస్తుంది, తెలిస్తే రెండింతలు. ప్రేక్షకుల్లో కూర్చున్నవాళ్లను జాగ్రత్తగా చూడండి. తర్వాత ఆబట్ అండ్ కాస్టెల్లో జంటగా పేరు తెచ్చుకున్న లూ కాస్టెల్లో, అప్పటికి ఊరూపేరూ లేని ఎక్స్‌ట్రాగా రింగు పక్కనే ఉంటాడు. సినిమా 1927 డిసెంబరు 31న విడుదలైంది.

ఈ మొదటి రీలు కూడా చాలాకాలం కనిపించలేదు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉన్నదాన్ని 1979లో లియొనార్డ్ మాల్టిన్ గుర్తించారు. అప్పటికి ఒకటి దొరికింది, రెండోది మాత్రం యంగ్సన్ ముక్కగానే మిగిలింది. దాని ఆశ దాదాపు అందరూ వదిలేసుకున్నారు. పాత సినిమాల సేకరణలు చేతులు మారుతూ ఉంటాయి. యంగ్సన్ దగ్గరివి కొన్ని గోర్డన్ బెర్కో అనే సేకర్త దగ్గరికి చేరాయి, ఆయన సేకరణ ఆ తర్వాత జాన్ మిర్సాలిస్ చేతికి వచ్చింది. మూకీలకు పియానో వాయించే మనిషి మిర్సాలిస్. డబ్బాలు ఒక్కొక్కటే పరిశీలిస్తుంటే ఈ సినిమా రెండో రీలు అని రాసి ఉన్న డబ్బా తగిలింది. తెరిచి చూస్తే ముక్క కాదు, పూర్తి రీలు. ఆ విషయం 2015 జూన్‌లో వర్జీనియాలోని కల్పెపర్‌లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ గుర్తు తెలియని మూకీల కోసం నిర్వహించే సమావేశంలో ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు నా సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. డిస్కు వచ్చాక అర్థమైంది. 2020లోనే ఈ సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలోనూ చేర్చారు.

ఇక వాడకం సంగతులు.

కొత్తలో నేను దీన్ని అందరికీ ‘పూర్తి సినిమా’ అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించి చెప్పాలనిపిస్తోంది. మొదటి రీలు చివర ఒక సన్నివేశం ఇప్పటికీ దొరకలేదు. పార్కు బెంచీ మీద యూజీన్ పాలెట్ వచ్చి, స్టాన్ పేరు మీద ప్రమాద బీమా తీసుకొమ్మని హార్డీని ఒప్పించే చోటు అది. డిస్కులో దాన్ని నిశ్చల చిత్రాలతో, రాతతో పూరించారు. కథ అర్థమవుతుంది. కానీ స్టాన్ జారిపడాలని హార్డీ అరటి తొక్క ఎందుకు వేస్తాడన్నది, దాని మీద పైల వ్యాపారి చార్లీ హాల్ ఎందుకు జారతాడన్నది, అంతా ఈ బీమా మీదే ఆధారపడింది. ఎన్నిసార్లు చూసినా అక్కడికి వచ్చేసరికి నాకు మనసులో ఒక మెట్టు తప్పినట్టే ఉంటుంది. పాలెట్ లాంటి నటుడు, హార్డీ లాంటి వినేవాడు ఒక బెంచీ మీద కూర్చుంటే ఎలా ఉండేదో! మన రేలంగి, రమణారెడ్డి జంటను వీళ్లతో పోల్చడం మనకు అలవాటే. అలాంటి జంటల్లో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి ముఖంలో జరిగేదే అసలు సినిమా. ఆ ముఖాలను నిశ్చల చిత్రాలు ఇవ్వలేవు.

బొమ్మ విషయంలోనూ ఒక మాట. రెండో రీలు దొరికింది 16 ఎంఎం ప్రతిగా, అంటే థియేటర్ ఫిల్ము కంటే బాగా సన్నని ఫిల్ము మీద. అది అసలు నెగటివ్‌కు చాలా దగ్గరి ప్రతి కావడం వల్ల, ఆ కొలతకు ఆశ్చర్యపోయేంత బాగుంది. అయినా పెద్ద టీవీ మీద అదే సెట్టులోని మాటల చిత్రాల పక్కన పెట్టి చూస్తే మెత్తదనం తెలుస్తుంది. మొదట్లో కొత్త రీలు చూస్తున్న ఉత్సాహంలో నాకు అది పట్టలేదు. తరచుగా చూస్తుంటే పడుతోంది. నాకది ఇబ్బంది కాదు, గాజులాంటి బొమ్మ ఆశించేవాళ్లకు చెబుతున్నాను.

అంతకంటే పెద్ద ఇబ్బంది టీవీతో వచ్చింది. ఈ రోజుల్లో టీవీల్లో కదలికను నునుపు చేసే అమరిక ముందే ఆన్ చేసి ఉంటుంది. మా టీవీలోనూ అంతే. దానితో చూస్తే ఈ సినిమాలోని ఆ ఆగిపోవడాలు చచ్చిపోతాయి. ముఖం నిలిచిపోయిన క్షణం కూడా ఏదో జారుతున్నట్టు ఉంటుంది, విసిరిన పై గాలిలో అసహజంగా తేలుతుంది. ఆ అమరిక తీసేశాక నవ్వు తిరిగి వచ్చింది. దేనికి తీసినా తీయకపోయినా మూకీలకు మాత్రం తప్పకుండా తీయండి.

రాత్రి పిల్లలు పడుకున్నాక శబ్దం పూర్తిగా కట్టేసి చూడడం నాకు ఇప్పుడు అలవాటైంది. సంగీతం బాగోక కాదు. శబ్దం లేకుంటే ఆ లయ నటుల నుంచే వస్తోందని ఇంకా బాగా తెలుస్తుంది. పగలు మా అమ్మతో చూసేటప్పుడు టైటిల్ కార్డులు తెలుగులో చెబుతుంటాను. పైల గొడవ మొదలయ్యాక ఇక చెప్పాల్సిన పని ఉండదు, ఆవిడే నాకు చెబుతుంది ఇప్పుడు ఎవరి వంతో.

కొనాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు. బ్లూరే డిస్కులు, ప్లేయర్లు ప్రాంతాల (రీజియన్ల) వారీగా ఉంటాయి: మన దేశం సీ రీజియన్, అమెరికా ఏ రీజియన్. డిస్కు మీద ఏముందో, మీ ప్లేయర్ ఏవి ఆడిస్తుందో ముందే కనుక్కోండి. 1927 సినిమా కావడంతో 2023 జనవరి 1 నుంచి ఈ చిత్రానికి అమెరికాలో కాపీరైట్ లేదు. కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వాటిలో పాత అసంపూర్ణ ప్రతులు కూడా కలిసిపోయి ఉన్నాయి. పైలు పడుతుండగా వెనుక ఎవరో వ్యాఖ్యానం చెబుతున్నారంటే అది యంగ్సన్ ముక్క, దాన్ని చూసి సినిమా మీద తీర్పు చెప్పొద్దు.

మూకీలు మాత్రమే ఇష్టమైనవాళ్లకు ఇంకో దారి ఉంది. 1927 నాటివాటిలో మిగిలిన లారెల్ హార్డీ మూకీలను ఒక్కచోట చేర్చి ఫ్లికర్ ఆలీ సంస్థ 2023లో ‘ఇయర్ వన్’ అనే సెట్టు తెచ్చింది. ఈ జంట ఎలా జంట అయిందో వరుసగా చూడాలంటే అదే సరైనది. ఆ సంవత్సరపు ‘హ్యాట్స్ ఆఫ్’ మాత్రం ఎక్కడా లేదు, ఇప్పటికీ దొరకలేదు. బట్టలుతికే యంత్రాన్ని పొడవాటి మెట్ల మీదుగా మోసే ఆ కథను, అవే మెట్ల మీద పియానోతో ‘ది మ్యూజిక్ బాక్స్’గా 1932లో మళ్లీ తీశారు. నా సెట్టులో ఆ సినిమా పెట్టినప్పుడల్లా పోయిన మూకీ గుర్తొస్తుంది.

నేనైతే 2020 సెట్టునే ఉంచుకున్నాను. మా ఇంట్లో చూసేవాళ్లు పలు రకాలు. పిల్లలకు మాటలు కావాలి, అమ్మకు పాటలున్న ‘వే అవుట్ వెస్ట్’ కావాలి, నాకు రెండో రీలు కావాలి. ఒక్కరే ఉండి ఈ ఒక్క సినిమా కోసమే డబ్బు పెట్టేవాళ్లకు, అందులోనూ విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిన వాళ్లకు, ఇంత ఖర్చు తగదేమో. పాత డీవీడీల్లో ఈ సినిమా సగమే చూసి ఊరుకున్నవాళ్లు మాత్రం, ఎవరి దగ్గరైనా ఈ డిస్కు ఉంటే ఒక సాయంత్రం అడిగి తెచ్చుకోండి.