కాలేజీ జెర్సీ మీద ఏ గుర్తు మేలు? నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్

అమెరికాలో కాలేజీ ఆటల అభిమానికి ఒళ్లు మండాలంటే జట్టు ఓడిపోనక్కర్లేదు, జెర్సీ రంగు ఒక్క పిసరు మారితే చాలు. మిషిగన్ యూనివర్సిటీ అభిమానుల్ని అడిగి చూడండి. ముదురు నీలం, మొక్కజొన్న గింజ పసుపు వాళ్ల రంగులు. అక్కడ పెద్ద కాలేజీలు తమ జట్లన్నిటికీ బట్టలు, బూట్లు ఇచ్చేందుకు ఏదో ఒక కంపెనీతో ఏళ్లకి ఏళ్లు ఒప్పందం రాసుకుంటాయి. 2007లో నైకీని వదిలి అడిడాస్‌కి వెళ్లాక ఆ పసుపు రానురాను మెరుపెక్కిపోయి, చివరికి పుస్తకాల్లో గీతలు గీసుకునే హైలైటర్ పెన్ను రంగులోకి దిగిందని గోలపెట్టారు. 2011లో మిషిగన్ స్టేట్‌తో ఆటకి చేతుల మీద చారలున్న జెర్సీ తొడిగిస్తే, తుమ్మెదల్లా ఉన్నారని తిట్టిపోశారు. 2016 ఆగస్టు 1న మిషిగన్ మళ్లీ నైకీ చేతికి వచ్చింది. ఆ అర్ధరాత్రి కాలేజీ ఉన్న ఆన్ ఆర్బర్ ఊళ్లో షాపు తలుపులు తీసేసరికి జనం బారులు తీరి ఉన్నారు.

మన వాళ్లకీ ఇది దూరపు సంగతేం కాదు. అరిజోనా స్టేట్, టెక్సస్ ఎ అండ్ ఎం, జార్జియా టెక్, నార్త్ కరోలినా స్టేట్‌లలో చదివిన తెలుగు పిల్లలు ఎంతమందో. ఆ నాలుగూ అడిడాస్ కాలేజీలు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలోనో ఒహాయో స్టేట్‌లోనో సీటొస్తే ఇంటిల్లిపాదికీ కొనే స్వెట్‌షర్ట్ మీద ఉండేది నైకీ గుర్తు. డెబ్బై ఎనభై డాలర్లు పోసి కొనేవాళ్లకి ఈ మూడు కంపెనీల్లో ఏది మేలు అని అడిగే హక్కు ఉంది.

నా మాట ముందే చెప్పేస్తాను. కంపెనీ పేరు చూసి మురిసిపోవడం తర్వాత, ఆ కంపెనీ దగ్గర మీ కాలేజీ ఎన్నో వరసలో ఉందో చూసుకోవాలి. మొదటి వరసలో ఉంటే నైకీకి సాటి లేదు. లేకపోతే ఈ రోజు అడిడాస్ మేలు. అండర్ ఆర్మర్ విషయంలో ఒప్పందం చదవకుండా అడుగు వేయకూడదు.

అంకెల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 2016లో ఒహాయో స్టేట్ నైకీతో పదిహేనేళ్లకి 25.2 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది. అంతకు కొద్దినెలల ముందు టెక్సస్ కూడా అన్నేళ్లకే 25 కోట్లకి. 2016 మే నెలలో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) అండర్ ఆర్మర్‌తో 28 కోట్లకి సంతకం పెట్టి, అప్పటికి అన్నిటికంటే పెద్ద ఒప్పందం మాదేనంది. ఈ మొత్తాలన్నీ బ్యాంకులో పడే డబ్బు కాదు. కొంత నగదు. మిగతాదాంట్లో పెద్ద వాటా సరుకు: అమెరికన్ ఫుట్‌బాల్ (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అదే) దగ్గర్నుంచి పడవ పందేల రోయింగ్ దాకా కాలేజీలోని అన్ని జట్లకీ ఇచ్చే బూట్లు, జెర్సీలు, బ్యాగులు, వాటికి కట్టిన ధర. షాపుల్లో మనం కొనే ప్రతి ముక్క మీదా వచ్చే రాయల్టీ ఇంకో లెక్క. రెండు కాలేజీల ఒప్పందాల్ని పోల్చాలంటే నగదెంత, ఎన్నేళ్లు, మధ్యలో తప్పుకునే వీలు ఎవరికుంది అన్న మూడూ చూడాలి. పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చే మొత్తాన్ని పట్టుకుని 'మాకు ఎక్కువొచ్చింది' అని వాదిస్తే దేనికీ కొరగాదు.

ఇక నైకీ. కాలేజీ ఆటల్లోకి ఈ కంపెనీ దూరింది కోచ్‌ల ద్వారా. 1970ల చివర్లో సన్నీ వాకారో అనే ఆయన నైకీ తరఫున బాస్కెట్‌బాల్ కోచ్‌లకి డబ్బిచ్చి, వాళ్ల జట్లకి ఊరికే బూట్లు ఇప్పించాడు. 1987లో మయామీ యూనివర్సిటీతో కాలేజీ మొత్తానికీ కలిపి ఒకే ఒప్పందం రాసుకున్నారు. ఆ పద్ధతే తర్వాత దేశమంతా పాకింది. నైకీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఫిల్ నైట్ చదివింది ఆరెగన్ యూనివర్సిటీలో, రెండో ఆయన బిల్ బవర్‌మన్ అక్కడి రన్నింగ్ కోచ్. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ పేరుతో నైకీ అమ్మే బూట్లు గీసిన టింకర్ హ్యాట్‌ఫీల్డ్ కూడా ఆ కాలేజీవాడే. అందుకే ఆరెగన్ ఆటగాళ్లు వారం వారం కొత్త హెల్మెట్, కొత్త జెర్సీ, కొత్త జోడీలతో దిగుతారు. హైస్కూల్ కుర్రాళ్లు ఆ యూనిఫాంలు చూసే ఆరెగన్ పేరు గుర్తుపెట్టుకున్నారంటే అతిశయోక్తి కాదు.

కానీ ఆరెగన్‌ని చూసి నైకీని అంచనా వేస్తే పప్పులో కాలేసినట్టే. అది సొంత బిడ్డ. ఒహాయో స్టేట్, టెక్సస్, అలబామా లాంటివి ఆ తర్వాతి మొదటి వరస. మిషిగన్‌కైతే ఫుట్‌బాల్ జెర్సీ మీద మామూలు టిక్కు గుర్తు బదులు జోర్డన్ ఎగిరే బొమ్మ దక్కింది, ఫుట్‌బాల్‌లో ఆ గుర్తు వేసుకున్న మొదటి కాలేజీ అదే. వీటన్నిటి వెనక వరసల్లో ఉన్న కాలేజీల అభిమానుల్ని కదిపితే గోడు వేరు. ఒకే కత్తిరింపు జెర్సీ, రంగు మార్చి అందరికీ పంచుతారని వాళ్ల బాధ. కొత్త డిజైన్ అడిగితే సంవత్సరాలు పడుతుందంటారు. ఇందులో నిజముంది. నైకీకి ఉన్నన్ని కాలేజీలు ఇంకెవరికీ లేవు, అందరికీ ఒకేలా ఒళ్లు వంచి పనిచేయడం ఎవరి వల్లా కాదు.

సరుకు నాణ్యతలో నైకీయే మిన్న అనే నమ్మకాన్ని కూడా కళ్లకద్దుకోనక్కర్లేదు. 2019 ఫిబ్రవరి 20న డ్యూక్, నార్త్ కరోలినా బాస్కెట్‌బాల్ ఆట మొదలై నిమిషం కూడా కాకముందే డ్యూక్ స్టార్ జయాన్ విలియమ్సన్ ఎడమ కాలి నైకీ బూటు అంచు చీలిపోయి పాదం బయటికొచ్చేసింది. మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఒబామా కూడా ఆ రోజు హాల్లోనే ఉన్నాడు. మర్నాడు నైకీ షేరు కాస్త దిగింది. అయినా ఆటగాళ్లు మాత్రం ఈ గుర్తునే ఎక్కువగా కోరుకుంటారు, చిన్నప్పట్నుంచి వాళ్లు వేసుకున్నవి జోర్డన్, కోబీ, లెబ్రాన్ బూట్లు కాబట్టి. కోచ్‌లు నైకీ వైపు మొగ్గడానికి ఇదే అసలు కారణం.

అడిడాస్ మీద అభిమానులకున్న కోపం రెండు రకాలు. మొదటిది మిషిగన్ వాళ్ల రంగు కోపం. రెండోది ఇంకా బరువైనది. 2017 ఆగస్టులో లూయివిల్ యూనివర్సిటీ అడిడాస్‌తో పదేళ్లకి 16 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించింది. నెల తిరిగేసరికి ఎఫ్‌బీఐ కేసు బయటపడింది. కాలేజీలో చేరబోయే ఆటగాడి కుటుంబానికి రహస్యంగా డబ్బు పంపే ఏర్పాట్లు చేశాడని అడిడాస్ అధికారి జేమ్స్ గాటోని పట్టుకున్నారు, 2018లో కోర్టు దోషిగా తేల్చింది. లూయివిల్ కోచ్ రిక్ పిటీనో ఉద్యోగం పోయింది. ఆ మచ్చ చాలాకాలం మాసిపోలేదు.

అయితే 2021 జులై నుంచి ఆట నియమాలే మారిపోయాయి. ఆటగాడు తన పేరు, ముఖం అమ్ముకుని బాహాటంగా సంపాదించుకోవచ్చు. 2022 మార్చిలో అడిడాస్ ముందడుగు వేసి, తన చేతిలో ఉన్న 109 కాలేజీల్లోని 50 వేలకు పైగా ఆటగాళ్లలో ఎవరైనా తమ ప్రచారంలో చేరి డబ్బు సంపాదించుకోవచ్చంది. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం కాలేజీ కూడా నేరుగా ఆటగాళ్లకి డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాదికి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. నిజమైన ప్రచార పనికి బట్టల కంపెనీ సొంతంగా ఇచ్చే సొమ్ము ఈ పరిమితిలోకి రాదు. ఇక్కడే అడిడాస్‌కి దారి దొరికింది. 2025 ఆగస్టులో టెనెసీ, ఆ తర్వాత నెలలో పెన్ స్టేట్ నైకీని వదిలి 2026 నుంచి అడిడాస్‌కి వెళ్తున్నామని చెప్పాయి. టెనెసీ ఒప్పందంలో అన్ని ఆటల ఆటగాళ్లకీ ప్రచార అవకాశాలు భాగం. నైకీ దగ్గర రెండో మూడో వరసలో నిలబడే కన్నా, గట్టి పేరున్న కాలేజీ కోసం తహతహలాడుతున్న కంపెనీ దగ్గర మొదటి వరసలో కూర్చోవడం మంచిదని ఆ రెండూ లెక్కేసుకున్నాయి. నా దృష్టిలో అది సరైన లెక్క.

టెనెసీ వాళ్లకి ఇంకో పాత లెక్క కూడా ఉంది. 2015లో అడిడాస్ నుంచి నైకీకి మారినప్పుడు, బాస్కెట్‌బాల్ తప్ప మిగతా అమ్మాయిల జట్లన్నిటికీ 'లేడీ వాల్స్' పేరు తీసేశారు. అందరికీ ఒకే గుర్తు, ఒకే పేరు ఉండాలన్నారు. అది బాస్కెట్‌బాల్ కోచ్ పాట్ సమ్మిట్ ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిపించి నిలబెట్టిన పేరు. అభిమానులు ఊరుకోలేదు. సంతకాలు సేకరించారు, రాష్ట్ర శాసనసభ దాకా లాగారు. 2017లో పేరు తిరిగి ఇవ్వక తప్పలేదు. నిర్ణయం యూనివర్సిటీదే అయినా, అది వచ్చింది బట్టల కంపెనీ మారిన ముహూర్తానికే. ఒప్పందం మారుతున్నప్పుడు జెర్సీ మీది ప్రతి అక్షరాన్నీ కాచుకుని ఉండాలనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

అమ్మాయిల ఆటల దగ్గర కంపెనీల్ని పరీక్షించడం నాకు బాగా నచ్చుతుంది, అక్కడ అలవాటు మీద నడిచే అమ్మకం తక్కువ కాబట్టి. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కాలో వాలీబాల్ చూడ్డానికి ఫుట్‌బాల్ స్టేడియంలోకి 92,003 మంది వచ్చారు. అది అడిడాస్ కాలేజీ. అయోవాలో బాస్కెట్‌బాల్ తార కెయిట్లిన్ క్లార్క్ 22 నంబరు జెర్సీ కోసం ఊళ్లకి ఊళ్లు ఎగబడ్డాయి, అది నైకీ కాలేజీ. గిరాకీ రెండు చోట్లా ఉంది. మీ కాలేజీ షాపుకి వెళ్లి అమ్మాయిల జట్టు జెర్సీ, పేరూ నంబరుతో సహా, సీజన్ మొదట్లోనే దొరుకుతోందా చూడండి. దొరక్కపోతే ఆ కంపెనీ మీ కాలేజీని పట్టించుకోవడం లేదని అర్థం.

అండర్ ఆర్మర్ కథలో మొదటి సగం నాకు ఎంతో ఇష్టం. మేరీలాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు కెవిన్ ప్లాంక్ 1996లో పెట్టిన కంపెనీ. 2011 సెప్టెంబరులో మయామీతో ఆటకి సొంత కాలేజీకి అతను తొడిగించిన యూనిఫాం చూసి దేశం నోరెళ్లబెట్టింది: హెల్మెట్‌కి ఒక పక్క నలుపు పసుపు గళ్లు, రెండో పక్క ఎరుపు తెలుపు శిలువ, రెండూ మేరీలాండ్ రాష్ట్ర జెండాలోవి. ఎబ్బెట్టుగా ఉందన్నవాళ్లు బోలెడుమంది. ఆ ఊరివాళ్లు మాత్రం గుండెకి హత్తుకున్నారు. ఒక రాష్ట్రం మనసు తెలిసినవాడే అలా చేయగలడు, ఆరెగన్ రాష్ట్రంలోని నైకీ ఆఫీసులో కూర్చుని గీసేవాళ్లకి అది తట్టదు.

రెండో సగం యూసీఎల్ఏది. 28 కోట్ల ఒప్పందం 2017లో మొదలైంది, 2020 జూన్‌లో అండర్ ఆర్మర్ తప్పుకుంటానంది. పదిహేనేళ్ల మాట మూడేళ్లకే. కాలేజీ కోర్టుకెళ్లింది, 2022లో 6.75 కోట్లకి రాజీ అయింది. ఈలోగా నైకీతో, జోర్డన్ గుర్తుతో, ఆరేళ్లకి 4.6 కోట్ల చిల్లరకి సర్దుకోవాల్సి వచ్చింది. లెక్కేస్తే పాత ఒప్పందంలో ఏడాదికి పడే విలువలో సగం కూడా కాదు. బర్క్‌లీ, సిన్సినాటీ ఒప్పందాల్నీ అండర్ ఆర్మర్ ఆ రోజుల్లోనే వదిలించుకుంది. 2006 నుంచి వాళ్లతో ఉన్న ఆబర్న్ 2025లో నైకీకి వెళ్లిపోయింది. నోటర్ డేమ్ మాత్రం 2023లో ఇంకో పదేళ్లకి రాసుకుంది, ఎందుకంటే అక్కడ దానికి దక్కే పెద్దరికం ఇంకెక్కడా దక్కదు. అదీ వరస మహిమే.

ఈ వాదనల్లో చాలామంది అభిమానులు తలవంచుకుని దాటేసే సంగతి ఒకటుంది: ఆ బట్టలు కుట్టేదెవరు? హోండురాస్‌లో నైకీకి కుట్టిన రెండు ఫ్యాక్టరీలు మూతపడి పనివాళ్లకి బకాయిలు ఎగ్గొడితే, 2010లో విస్కాన్సిన్ యూనివర్సిటీ నైకీ లైసెన్సు తెంచేసుకుంది. ఆ తర్వాతే నైకీ 15.4 లక్షల డాలర్లు పనివాళ్ల కోసం ఒప్పుకుంది. ఇండోనేషియాలో పీటీ కిజోన్ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు అడిడాస్‌తోనూ అదే పోరు నడిచింది, కోర్నెల్ లాంటి కాలేజీలు తెగతెంపులు చేసుకున్నాక 2013లో రాజీకొచ్చింది. ఈ రెంటిలో ఏ కంపెనీ మంచిదని నేను ఓటు వేయలేను, ఇద్దరూ కాలేజీలు గట్టిగా పట్టుకున్నాకే కదిలారు. మన తిరుపతి జిల్లా తడ దగ్గర మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీ అడిడాస్‌కి బూట్లు కుడుతుంది, చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు వేలల్లో పనిచేస్తారు. అమెరికాలో ఒక విద్యార్థి సంఘం ఒప్పందంలో కార్మికుల షరతు రాయించాలని పట్టుపడితే, ఆ మేలు చేరే చోట్లలో అదీ ఒకటి కావాలి.

పెన్ స్టేట్ అభిమానిని అయితే ఈ మార్పుకి నేను అడ్డు చెప్పను. తెల్ల హెల్మెట్ మీద ఒక్క నీలం గీతకి మించి ఏదీ రాకూడదని మాత్రం ముందే రాయించుకోమంటాను. టెనెసీ అయితే నారింజ రంగుని దాని షేడ్ నంబరుతో సహా ఒప్పందంలో పెట్టమంటాను, లేడీ వాల్స్ పేరు దాని పక్కనే. ఒహాయో స్టేట్, టెక్సస్ వాళ్లు నైకీని కదిలించాల్సిన పనే లేదు. నైకీ వెనక వరసలో మగ్గుతున్న కాలేజీలకి మంచి కాలం ఇప్పుడే, అడిడాస్ బేరానికి కూర్చుని ఉంది కాబట్టి. అండర్ ఆర్మర్ వచ్చి ఎక్కువ ఇస్తానంటే అయిదేళ్లకి మించి సంతకం పెట్టొద్దు, పెట్టినా నగదు వాటా ముందే చేతిలో పడాలి.